వైద్య విద్యార్థులు, నిద్రాణ క్షయ: ఒక పరీక్ష చరిత్ర

మీలో కొందరు రేపు ఎంబీబీఎస్‌లోనో, బీఎస్సీ నర్సింగ్‌లోనో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులోనో చేరవచ్చు. చేరిన కొంతకాలానికే తెల్లకోటు వేసుకుని వార్డులో అడుగుపెడతారు. దగ్గుతున్న రోగి పక్కన నిలబడి నాడి చూడడం, రక్తం తీయడం, మందులు ఇవ్వడం నేర్చుకుంటారు. చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థికి ఆ వార్డు గాలి నుంచి ఏం అంటుకుంటుంది? ఈ ప్రశ్నను సరిగా వేసుకోవడానికే వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది. రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించింది 1882 మార్చి 24న. ఆసుపత్రిలో శిక్షణ పొందే విద్యార్థినుల్ని చేరిన రోజు నుంచి వరుసగా పరీక్షించి పెద్ద ఎత్తున లెక్క తీయడం 1924లో గాని మొదలు కాలేదు. నలభై ఏళ్ల పైచిలుకు ఆలస్యం! అది ఎందుకు జరిగింది, ఆ లెక్క ఏం చెప్పింది, మన దేశంలో అలాంటి లెక్క తీస్తే ఏం తేలింది అన్నది ఈ పాఠంలో చూద్దాం.

ముందుగా ఒక తేడాను గుర్తుంచుకోవాలి. క్షయ క్రిమి ఒంట్లో చేరడం వేరు, క్షయ జబ్బు రావడం వేరు. ఊపిరితో లోపలికి వెళ్లిన క్రిమిని చాలామందిలో రోగనిరోధక కణాలు చుట్టుముట్టి కట్టడి చేస్తాయి. క్రిమి పూర్తిగా చావకపోవచ్చు, పెరగనూ లేదు. అలాంటి మనిషికి దగ్గుండదు, జ్వరముండదు, బరువు తగ్గడముండదు. అతని నుంచి ఇతరులకు సోకదు కూడా. దీన్నే నిద్రాణ క్షయ అంటున్నాం. ఇలాంటివారిలో నూటికి 5 నుంచి 10 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు బయటపడుతుంది. ఆ ప్రమాదంలో దాదాపు సగం, క్రిమి సోకిన మొదటి రెండేళ్లలోనే ఉంటుంది. ఈ చివరి వాక్యాన్ని మనసులో పెట్టుకోండి, ముందు ముందు దానితో పని పడుతుంది.

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2019-21 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో సుమారు 31 శాతం మందిలో సంక్రమణ కనిపించింది.

విఫలమైన మందు, పనికొచ్చిన పరీక్ష

నిద్రపోతున్న క్రిమిని పట్టుకునే పరీక్ష ఒక వైఫల్యం నుంచి పుట్టింది. 1890లో కాక్ తాను క్షయకు మందు కనుగొన్నానని ప్రకటించాడు. క్షయ క్రిముల నుంచి తీసిన ఆ సారానికే ట్యూబర్‌క్యులిన్ అని పేరు. యూరప్ నలుమూలల నుంచి రోగులు, వైద్యులు బెర్లిన్‌కు పరుగులు తీశారు. అప్పటికి వైద్యుడిగానే ఉన్న ఆర్థర్ కానన్ డాయల్ కూడా వెళ్లాడు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కదా, ఊరికే నమ్మలేదు, సందేహం వ్యక్తం చేస్తూ రాశాడు. సందేహమే నిజమైంది. ట్యూబర్‌క్యులిన్ జబ్బును నయం చేయలేదు, కొందరికి హాని కూడా చేసింది.

అయితే వియన్నాలో పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే దాన్ని మరో కోణంలో చూశాడు. ఎలర్జీ అన్న మాటను 1906లో మనకిచ్చినవాడు ఆయనే. 1907లో చర్మం మీద చిన్న గీత గీసి, దాని మీద ట్యూబర్‌క్యులిన్ చుక్క వేసి చూశాడు. క్రిమి సోకినవారికి అక్కడ ఎర్రబడి గట్టిపడుతోంది, సోకనివారికి ఏమీ కావడం లేదు. ఏ జబ్బు లక్షణమూ లేని పిల్లలకూ చర్మం గట్టిపడడం గమనించి, వారిలో దాగి ఉన్న సంక్రమణ ఉందని ఆయన తేల్చాడు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో షార్ల్ మాంటూ ఆ మందును సన్నని సూదితో చర్మం పొరల మధ్యకే ఎక్కించే పద్ధతి తెచ్చాడు. ఈనాటికీ మన ఆసుపత్రుల్లో ముంజేతి మీద చేసే మాంటూ పరీక్ష అదే. రెండు మూడు రోజుల తర్వాత వాచి గట్టిపడిన భాగాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎరుపును కొలవకూడదు, గట్టిదనాన్నే కొలవాలి. పరీక్షలో తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

బ్రాంప్టన్ లెక్క ఎందుకు తప్పింది?

ఆసుపత్రి గాలికీ నర్సుల జబ్బుకూ సంబంధం ఉందని ముందే ఎందుకు గుర్తించలేదు? స్టెతస్కోపు కనుగొన్న లెన్నెక్ 1826లో, 45 ఏళ్లకే క్షయతో మరణించాడు. వైద్యులు ఇలా పోవడం అందరూ చూస్తూనే ఉన్నారు. కానీ ఆ రోజుల్లో క్షయతో పోనివాళ్లు ఎవరని? ప్రతి వీధిలోనూ ఉన్న జబ్బుకు ఆసుపత్రిని వేలెత్తి చూపడం కష్టం.

పైగా దీనికి వ్యతిరేకంగా ఒక గట్టి ఆధారం ఉండేది. లండన్‌లో ఛాతీ జబ్బులకు పేరున్న బ్రాంప్టన్ ఆసుపత్రి అనుభవాన్ని 1882లో థియోడర్ విలియమ్స్ ప్రచురించాడు. క్షయ రోగుల మధ్యే ఏళ్ల తరబడి పనిచేసిన సిబ్బందిలో ఆ జబ్బు ఎక్కువగా లేదని దాని సారాంశం. ఇదొక్కటే చాలామందికి ధైర్యమిచ్చింది. క్షయ వార్డులో పని సురక్షితమేనన్న వాదన ఆ తర్వాత దశాబ్దాల పాటు వినిపించింది.

ఇందులో లోపం ఎక్కడుందో మీకు తడుతోందా? విలియమ్స్ అబద్ధం రాయలేదు. ఆనాటి పెద్ద నగరాల్లో పుట్టి పెరిగినవారికి చిన్నతనంలోనే క్షయ క్రిమి సోకేది. ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చేసరికి వారికి పాత సంక్రమణ ఉంది, దానివల్ల కొంత రక్షణా ఉంది. కొత్తగా సోకే అవకాశం ఉన్నవారు కొద్దిమందే కాబట్టి అదనపు ప్రమాదం లెక్కలో కనిపించలేదు. మనుషుల్ని సోకినవారు, సోకనివారు అని విడదీయకుండా అందరినీ ఒకే మూటగా కట్టి లెక్కిస్తే వచ్చే చిక్కు ఇది. విడదీయడానికి కావలసిన పరీక్ష 1907లో చేతికొచ్చింది. దాన్ని సరైన చోట వాడే మనిషి కోసం మరికొన్నేళ్లు ఆగవలసి వచ్చింది.

ఓస్లోలో తేలిన సంగతి

ఆ మనిషి నార్వే వైద్యుడు యోహానెస్ హైమ్‌బెక్. ఓస్లో నగరంలోని ఉలెవోల్ ఆసుపత్రిలో 1924 నుంచి, నర్సింగ్ శిక్షణకు కొత్తగా చేరే ప్రతి అమ్మాయికీ పిర్కే పరీక్ష చేయించాడు. (1924లో ఆ నగరం పేరు ఇంకా క్రిస్టియానియానే, 1925 జనవరిలో ఓస్లోగా మారింది.) చేరినవారిలో సుమారు సగం మందికి పరీక్ష పాజిటివ్, సగం మందికి నెగెటివ్. మూడేళ్ల శిక్షణ ముగిసేసరికి నెగెటివ్‌గా వచ్చినవారు దాదాపు అందరూ పాజిటివ్‌గా మారిపోయారు. క్రిమి వారికి ఎక్కడో వీధిలో సోకిందని ఇక ఎవరూ అనలేరు. నగరమంతటా మూడేళ్లలో ప్రతి యువతికీ సోకడం లేదు కదా!

అసలు ఆశ్చర్యం దీని తర్వాత వచ్చింది. అంతవరకూ చాలామంది ఊహ ఏమిటంటే, పరీక్ష నెగెటివ్ వచ్చిన అమ్మాయి దృఢమైనది, పాజిటివ్ వచ్చిన అమ్మాయి బలహీనురాలు, జబ్బు పడేది ఆమే అని. హైమ్‌బెక్ లెక్క దీన్ని తలకిందులు చేసింది. 1924 నుంచి 1936 వరకు ఆయన గమనించిన 1,453 మంది నర్సింగ్ విద్యార్థినుల్లో 668 మంది చేరేటప్పటికే పాజిటివ్. వారిలో జబ్బు పడినవారు కొద్దిమందే. నెగెటివ్‌గా చేరి, టీకా కూడా లేకుండా వార్డులో పనిచేసిన 284 మందిలో దాదాపు మూడో వంతు మందికి క్షయ లక్షణాలు బయటపడ్డాయి, కొందరు మరణించారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న వాక్యం ఇక్కడ కావాలి: ప్రమాదంలో సగం, సోకిన మొదటి రెండేళ్లలోనే. పాజిటివ్‌గా వచ్చిన అమ్మాయి ఆ గండం చాలావరకు దాటి వచ్చింది. నెగెటివ్‌గా వచ్చిన అమ్మాయి ఆ గండంలోకి ఆసుపత్రి ద్వారం గుండా ప్రవేశించింది.

నా దృష్టిలో ఈ చరిత్రలోని కీలకం ఇదే. విద్యార్థిని ముంజేతి మీద చేసిన పరీక్ష ఆమెను కొలుస్తున్నట్టు కనిపిస్తుంది. కానీ చేరినప్పుడు ఒకసారి, ఏడాదికి మరోసారి చేస్తే, ఆ రెండింటి మధ్య తేడా ఆసుపత్రి గాలిని కొలుస్తుంది.

మిగిలిన 501 మంది సంగతేమిటి? నెగెటివ్‌గా వచ్చినవారికి హైమ్‌బెక్ 1920ల చివరి నుంచి బీసీజీ టీకా వేయడం ప్రారంభించాడు. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు 1908 నుంచి 1921 వరకు ఒకే క్రిమి వంశాన్ని 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని తీవ్రతను తగ్గించి చేసిన టీకా అది. టీకా పొందినవారిలో జబ్బు బాగా తక్కువగా కనిపించింది. ఓస్లో తన ప్రశ్నకు ఓస్లో జవాబు కనుక్కుంది. బ్రిటన్‌లో 1935 నుంచి 1944 వరకు నర్సులు, వైద్య విద్యార్థులు తదితర యువత మీద ప్రాఫిట్ సర్వే అనే పెద్ద అధ్యయనం జరిగింది. నెగెటివ్‌గా వార్డులో అడుగుపెట్టే నర్సులకే ముప్పు ఎక్కువని అక్కడా తేలింది.

గాలి నేరం రుజువైంది

ఇంతకీ సోకేది గాలి ద్వారానేనా? దుప్పట్ల ద్వారానా, పాత్రల ద్వారానా? అమెరికాలో రిచర్డ్ రైలీ, విలియం వెల్స్ 1950ల చివర్లో బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో దీనిని తేల్చారు. ఆరు పడకల క్షయ వార్డులోని గాలిని గొట్టాల ద్వారా పైన గదిలో ఉన్న గినీ పందుల బోనుల్లోకి పంపారు. రోగుల్ని అవి చూడలేదు, తాకలేదు, వారి వార్డు గాలి మాత్రం పీల్చాయి. రెండేళ్లలో 71 జంతువులకు క్రిమి సోకింది. దగ్గిన తుంపరల్లో నీరు ఆవిరైపోగా మిగిలే అతి సూక్ష్మ రేణువులు గంటల తరబడి గాలిలో తేలుతూ ఉంటాయని దీంతో రుజువైంది.

ఆ ప్రయోగంలో మరో సంగతి ఉంది. సోకిన జంతువుల్లో ఎక్కువ వాటికి కారణం కొద్దిమంది రోగులే. మందులు వాడుతున్నవారి నుంచి సోకడం చాలా తక్కువ. ఇదే కాలంలో, 1956 నుంచి మద్రాసులో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం కూడా ఇలాంటి మాటే చెప్పింది. రోగిని శానిటోరియంలో ఉంచినా, ఇంటి దగ్గరే మందులిచ్చినా కుటుంబ సభ్యులకు జబ్బు రావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే విద్యార్థికి భయం కలిగించవలసింది క్షయ అని బోర్డు పెట్టిన వార్డు కాదు. జనరల్ వార్డులో మూడు వారాలుగా దగ్గుతూ, ఇంకా తెమడ పరీక్ష జరగని రోగి ఉన్న మంచం.

మన దేశంలో

ఓస్లో జవాబు మనకు ఎందుకు సరిపోలేదు? మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు మీరు విని ఉంటారు. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ సంస్థ దక్షిణ భారతంలో క్షయ చికిత్సకు పుట్టినిల్లు లాంటిది. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. టీకా మీద అప్పట్లో ఎన్ని ఆశలో! కానీ 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో రెండున్నర లక్షల మందికి పైగా పాల్గొన్న భారీ ప్రయోగం మొదలై, పదిహేనేళ్లు గమనించాక తేలిందేమిటంటే, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపలేకపోయింది. పసిపిల్లల్లో మెదడు పొరలకు వచ్చే క్షయ వంటి తీవ్ర రూపాల నుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టగానే వేయడం కొనసాగుతోంది. పద్దెనిమిదేళ్లకు నర్సింగ్‌లో చేరే అమ్మాయికి మాత్రం అది కవచం కాదు.

మరి మన విద్యార్థుల పరిస్థితి ఏమిటి? వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లో మహాత్మా గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. అక్కడ 2004లో విద్యార్థులతో సహా 726 మంది ఆరోగ్య సిబ్బందిని పరీక్షించారు. వారి వయసు చాలావరకు ఇరవైల్లోనే. చర్మ పరీక్షలో 41 శాతం, కొత్తగా వచ్చిన రక్త పరీక్షలో 40 శాతం పాజిటివ్. ఈ వృత్తిలో ఎన్నేళ్లు ఎక్కువగా ఉంటే పాజిటివ్ అంత ఎక్కువ.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేశారు. నర్సింగ్ విద్యార్థినుల్ని హైమ్‌బెక్ లాగే మళ్లీ మళ్లీ పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. మొదటి పరీక్షలోనే సుమారు సగం మంది పాజిటివ్. నెగెటివ్‌గా ఉన్నవారిలో ఏడాదికి 7.8 శాతం మందికి కొత్తగా సోకుతోంది. అప్పట్లో దేశ సగటు 1.5 శాతంగా లెక్కించేవారు.

కాగితం, పెన్సిలు తీసుకుని ఒక చిన్న లెక్క చేయండి. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏటా 7.8 శాతం చొప్పున అయితే, నెగెటివ్‌గా చేరిన 100 మందిలో నాలుగేళ్లకు సోకనివారు ఎంతమంది? 0.922ను నాలుగు సార్లు గుణిస్తే సుమారు 0.72. అంటే 28 మందికి సోకింది. దేశ సగటు ప్రకారమైతే 0.985ను నాలుగు సార్లు గుణించాలి, జవాబు 0.94. సోకేది ఆరుగురికి. ఈ 28కీ 6కీ మధ్య తేడా, అంటే 22 మంది, చదువు కోసం ఆసుపత్రికి వచ్చినందువల్ల క్రిమి తెచ్చుకున్నవారు. వారిలో ఎక్కువమందికి జబ్బు రాకపోవచ్చు. అయినా ఆ సంఖ్యను ఏ కళాశాల ప్రాస్పెక్టస్‌లోనూ నేను చూడలేదు.

పరీక్షించి ఏం చేయాలి?

విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్న తరచూ ఒకటే: మాస్టారూ, పాజిటివ్ వస్తే సీటు పోతుందా? పోకూడదు. పాజిటివ్ అంటే రోగి అని అర్థం కాదు, ఇతరులకు అంటిస్తారనీ కాదు. ఎక్స్‌రే, అవసరమైతే తెమడ పరీక్షతో జబ్బు లేదని నిర్ధారించుకుంటే చాలు, నిశ్చింతగా చదువుకోవచ్చు. సోకిన క్రిమి జబ్బుగా మారకుండా మందులూ ఉన్నాయి. 1952లో వచ్చిన ఐసోనియాజిడ్‌ను ఆరు నెలలు రోజూ వాడడం పాత పద్ధతి. రైఫాపెంటీన్‌తో కలిపి వారానికొకసారి చొప్పున 12 వారాలు వాడడం కొత్త పద్ధతి. ఎవరికి ఇవ్వాలన్నది వైద్యుడు తేల్చాలి, ఎందుకంటే జబ్బు ఉన్నవారికి పొరపాటున ఈ మందులు మాత్రమే ఇస్తే మందులకు లొంగని క్రిమి తయారయ్యే ప్రమాదం ఉంది.

పరీక్షకు పరిమితులు ఉన్న మాట నిజమే. చిన్నప్పటి బీసీజీ వల్ల చర్మ పరీక్ష తప్పుదోవ పట్టిస్తుందని చాలామంది అంటారు. పుట్టినప్పుడు వేసిన టీకా ప్రభావం ఈ వయసుకు చాలావరకు తగ్గిపోతుంది, సేవాగ్రామ్ ఫలితాలూ దీన్ని బలపరిచాయి. పాత సంక్రమణను శరీరం మరిచిపోయి, మొదటి సూదితో గుర్తు తెచ్చుకుని, ఏడాది తర్వాతి రెండో సూదికి పెద్దగా స్పందించే సందర్భాలూ ఉన్నాయి. దాన్ని కొత్త సంక్రమణ అనుకుంటే ఆసుపత్రి మీద లేని నింద పడుతుంది. అందుకే వెల్లూరులో మొదట్లోనే ఒకటి రెండు వారాల తేడాతో రెండు సార్లు పరీక్షించారు. రక్త పరీక్షలో బీసీజీ గందరగోళం లేదు, కానీ సేవాగ్రామ్‌లో 216 మంది వైద్య, నర్సింగ్ విద్యార్థుల్ని 18 నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కొందరికి పాజిటివ్ తనంతట తానే నెగెటివ్‌గా మారింది. బీసీజీ ప్రభావం లేని కొత్త చర్మ పరీక్ష, సీవై-టీబీకి, 2022లో మన దేశంలో అనుమతి లభించింది.

అమెరికాలో ఆరోగ్య సిబ్బందిని ఏటా పరీక్షించే ఆనవాయితీ దశాబ్దాల పాటు సాగింది. అక్కడ క్షయ బాగా తగ్గిపోయాక, 2019లో ఆ సిఫారసును మార్చి, చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత రోగితో సంపర్కం జరిగితేనే అన్నారు. దీన్ని చూపి మనకూ ఏటా పరీక్ష అక్కర్లేదనేవారున్నారు. వారితో నేను ఏకీభవించను. అక్కడ మానేసింది వార్డుల్లో క్రిమి తగ్గిందని లెక్క చూపించాక. మన కళాశాలల్లో అనేకం ఆ లెక్క మొదలే పెట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా ఆరోగ్య సిబ్బంది పరీక్షను పరిశీలించవచ్చు అని మాత్రమే అంటాయి, తప్పనిసరి అనవు. అందరికీ మందులివ్వడం సాధ్యమా అన్న సందేహం న్యాయమైనదే. మందు తీసుకున్న అమ్మాయి తిరిగి అదే వార్డుకు వెళుతుంది కదా! అయినా ఒక బ్యాచ్ ఫలితాలు పేర్లు లేకుండా ఏడాదికేడాది రాసిపెడితే, ఏ వార్డులో పోస్టింగ్ తర్వాత నెగెటివ్‌లు పాజిటివ్‌లవుతున్నాయో తెలుస్తుంది.

తెలిశాక చేయవలసిన పనుల్లో కొన్ని చాలా చవకైనవి. దగ్గే రోగిని ఓపీలోనే గుర్తించి వేరుగా కూర్చోబెట్టడం, తెమడ ఆ రోజే పరీక్షకు పంపడం, అలాంటి రోగి దగ్గరికి వెళ్లే విద్యార్థికి ఎన్-95 మాస్కు ఇవ్వడం. మన దేశంలో గాలి ద్వారా సోకే జబ్బుల నివారణకు జాతీయ మార్గదర్శకాలు 2010లోనే వచ్చాయి. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆసుపత్రుల గదుల్లో గాలి మార్పిడిని కొలిచి 2007లో ప్రచురించారు. కిటికీలు, తలుపులు తెరిస్తే గంటకు సుమారు 28 సార్లు గది గాలి మారింది. యంత్రాలతో నడిచే ప్రత్యేక గదుల ప్రమాణం గంటకు 12 సార్లే. ఎత్తైన పైకప్పు, పెద్ద కిటికీలు ఉన్న యాభై ఏళ్ల కిందటి పాత భవనాల్లో 40 సార్లు మారితే, తర్వాత కట్టిన ఆధునిక వార్డుల్లో 17 సార్లు మారింది. మీ ఊరి ప్రభుత్వాసుపత్రికి ఈసారి వెళ్లినప్పుడు వార్డు కిటికీలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని తెరుచుకుంటున్నాయో లెక్కపెట్టి, మీ తరగతిలో చర్చించండి.